ఫిర్మిన్ పెట్టె సర్దుకున్న గురువారం

అది మా ఊరి పక్క నేతె నది పొంగి బేకరీ పొయ్యిలోకి నీళ్లు వచ్చిన ఏడాది. ఆ వారమంతా ఊళ్లో ఎవరికీ రొట్టె దొరకలేదు. అందుకే ఆ ఏడాది అందరికీ గుర్తు.

నీళ్లు చలికాలంలో వచ్చి చలికాలంలోనే పోయాయి. ఈ కథ ఆ తర్వాతి వేసవిలోది.

ఒక ఆదివారం మధ్యాహ్నం డ్రీస్ వాళ్ల పెరట్లో ఎవరూ మాట్లాడటం లేదు. అమ్మ తీగ మీది బట్టలన్నీ తీసేసింది. బామ్మ కుక్కను వంటింట్లో కట్టేసింది. నాన్న మెడ నొప్పి పుట్టేలా ఆకాశంలోకి చూస్తున్నాడు. పందెం పావురాలు వచ్చే వేళకు మా వీధిలో ఏ పెరడైనా అలాగే ఉంటుంది.

పావురాలను శనివారం బుట్టల్లో పెట్టి రైలెక్కిస్తారు. ఆదివారం ఫ్రాన్సు సరిహద్దు దగ్గర వదిలేస్తారు. అవి ఎగురుకుంటూ ఎవరి ఇంటికి అవి వస్తాయి. గూట్లోకి దిగిన పావురం కాలి రబ్బరు రింగు తీసి, వేళ అచ్చువేసే పందెం గడియారంలో వేయాలి. అప్పుడే అది చేరినట్టు లెక్క. పైకప్పు మీద కూర్చుంటే లెక్క కాదు.

ఆ రోజు పందెంలో డ్రీస్ పావురం ఉంది. డ్రీస్‌కు పదేళ్లు. పావురం పేరు నీలి. దాన్ని గుడ్డులోంచి వచ్చినప్పటి నుంచీ డ్రీసే పెంచాడు. పావురాల క్లబ్బు పుస్తకంలో దాని పక్కన మొదటిసారి నాన్న పేరు కాకుండా డ్రీస్ పేరు రాశారు.

గూటి పక్కన ఫిర్మిన్ నిలబడి ఉన్నాడు. చేతిలో గింజల డబ్బా.

ఫిర్మిన్ నాన్నకన్నా పెద్దవాడు. తల నెరిసింది. బుద్ధి మాత్రం చిన్నపిల్లాడి దగ్గరే ఆగిపోయింది. మా ఊళ్లో చాలా ఇళ్లలో అలాంటివాళ్లు ఒక్కొక్కరు ఉంటారు. ఊరి చివర ఉన్న ఆస్పత్రి వాళ్లు పంపుతారు. వాళ్లు ఆ ఇంట్లోనే తింటారు, ఆ ఇంటి పనే చేస్తారు, ఆ ఇంట్లోనే ముసలివాళ్లవుతారు. వాళ్లను మేం ఇంటిమనుషులు అంటాం. ఫిర్మిన్ ఆ ఇంటికి వచ్చేటప్పటికి డ్రీస్ నాన్న ఇంకా బడికి వెళ్తున్నాడు. అందుకే ఫిర్మిన్ బామ్మను అమ్మా అనే పిలుస్తాడు.

పావురాలను దింపడం ఫిర్మిన్ పని. డబ్బా గలగలలాడిస్తే అవి దిగుతాయి. సాయంత్రం గూడు మూసి వచ్చి గుమ్మంలో నిలబడి అడుగుతాడు.

"అమ్మా, అందరూ వచ్చారా?"

"అందరూ వచ్చారు. నువ్వూ రా," అంటుంది బామ్మ.

అప్పుడే చెక్కచెప్పులు విడిచి లోపలికి వస్తాడు. ప్రతి సాయంత్రం ఇదే మాట. ఆ ఇంట్లో దీపం పెట్టడం ఎంతో ఇదీ అంతే.

ఆ ఆదివారం డ్రీస్ వచ్చి చెయ్యి చాచాడు.

"డబ్బా ఇలా ఇవ్వు. ఇవాళ నేను ఆడిస్తా."

"డబ్బా నాది కదా, చిన్నోడా."

"పావురం నాది కదా. ఒక్క రోజుకి ఏం పోదులే."

ఫిర్మిన్ నాన్న వైపు చూశాడు. నాన్న కళ్లు ఆకాశంలోనే ఉన్నాయి. ఫిర్మిన్ డబ్బా ఇచ్చేశాడు. ఖాళీ చేతులు జేబులో పెట్టుకున్నాడు. తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

అంతలో చర్చి వైపు నుంచి ఒక చుక్క వచ్చింది. చుక్క పెద్దదయింది. రెక్కలు ముడిచి నేరుగా గూటి మీదికి దిగుతోంది. దాన్ని ముందు చూసింది ఫిర్మిన్.

"నీలి! మన నీలి!" అంటూ రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు.

నీలి బెదిరింది. గూటి అంచు దాకా వచ్చిందల్లా గిర్రున తిరిగి ఇంటి పైకప్పు మీద వాలింది.

డ్రీస్ డబ్బా ఆడించాడు. నీలి మెడ పక్కకు వంచి చూసింది. ఇంకా గట్టిగా ఆడించాడు. అది ముక్కుతో రెక్కలు దువ్వుకుంది. ఈలోపు అవతలి వీధిలో మాంసం కొట్టాయన ఇంట్లో కేకలు వినిపించాయి. వాళ్ల అబ్బాయి స్టాన్ పావురం గూట్లోకి చేరిపోయింది.

నీలి తీరిగ్గా దిగింది. అప్పటికి ఊళ్లో సగం పావురాలు వచ్చేశాయి.

"పందెమన్నాక ఇలాగే ఉంటుంది," అన్నాడు నాన్న. గడియారం చంకలో పెట్టుకుని క్లబ్బుకు వెళ్లిపోయాడు. అమ్మ బట్టలు మళ్లీ తీగ మీద వేసింది. బామ్మ కుక్కను విప్పింది. గూటి వెనక డ్రీస్, ఫిర్మిన్ మిగిలారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంటిమనిషి ఉన్న ఇంట్లో పిల్లలకు మాటలు వచ్చే వయసులోనే ఒకటి నేర్పుతారు. డ్రీస్‌కు బామ్మ నేర్పింది. "వాణ్ణి కసురుకో. కాళ్లు కడుక్కోమను. మొండికేస్తే మిఠాయి పెట్టకు. కానీ నిన్ను పంపించేస్తాం అనే మాట మాత్రం అనకు. నవ్వులాటకు కూడా అనకు." ఎందుకంటే ఈ ఇంటికి రాకముందు ఫిర్మిన్‌ను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, అక్కణ్ణుంచి మరో ఇంటికి మార్చారు. మనకది మాట. అతనికి అది జరిగిన పని.

ఇది డ్రీస్‌కు తెలుసు. తెలిసే అన్నాడు.

"గురువారం ఆస్పత్రి నర్సమ్మ వస్తుంది. నిన్ను తీసుకుపొమ్మని చెప్తా. పెట్టె సర్దుకో."

ఫిర్మిన్ నోరు కొంచెం తెరుచుకుంది. కాసేపటికి తల ఊపాడు, పని చెప్తే ఊపినట్టు.

సోమవారం బడిలో స్టాన్ కాచుకుని ఉన్నాడు.

"ఏరా డ్రీస్, మీ నీలి పైకప్పు పెంకులన్నీ లెక్కపెట్టిందా?"

"నోరు మూసుకో."

"మీ ఫిర్మిన్ చప్పట్లు కొట్టాడటగా, బండిలోంచి పెళ్లికూతురు దిగినట్టు."

అందరూ నవ్వారు. డ్రీస్ చెవులు ఎర్రబడ్డాయి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫిర్మిన్ బంగాళాదుంపల బుట్టతో ఎదురొచ్చాడు.

"చిన్నోడా, గురువారం ఎప్పుడు?"

ఆ మాట వెనక్కి తీసుకోవడానికి అదే మంచి సమయం. డ్రీస్ చెవుల్లో ఇంకా స్టాన్ నవ్వే ఉంది.

"ఇంకా రాలేదులే," అని పక్కనుంచి వెళ్లిపోయాడు.

మంగళవారం ఫిర్మిన్ మళ్లీ అడిగాడు.

"గురువారం అంటే రేపా?"

"ఎల్లుండి." ఈసారి డ్రీస్ తల కూడా ఎత్తలేదు. గురువారం బామ్మ బియ్యప్పాయసం చేస్తుంది, అందుకే అడుగుతున్నాడనుకున్నాడు. ఆదివారం తానన్న మాట డ్రీస్‌కు అప్పటికే గుర్తులేదు.

బుధవారం ఫిర్మిన్ గింజల డబ్బాను గుడ్డతో తుడిచి తెచ్చాడు.

"ఇంక నీదే."

"నిజంగానా? ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

ఫిర్మిన్ సిగ్గుపడి క్షమాపణ చెప్తున్నాడని డ్రీస్ అనుకున్నాడు. పెద్దమనసుతో తీసుకున్నాడు. ఆ రాత్రి డబ్బా మంచం పక్కన పెట్టుకుని హాయిగా నిద్రపోయాడు.

గురువారం డ్రీస్ బడికి వెళ్లాక నర్సమ్మ ఒడీల్ సైకిలు బెల్లు కొట్టుకుంటూ వచ్చింది. నెలకోసారి వస్తుంది. ఇంటిమనిషి గది చూస్తుంది, దుప్పటి చూస్తుంది, కాఫీ తాగి వెళ్తుంది. అమ్మ కప్పులు కడుగుతుండగా మెట్ల మీద బూట్ల చప్పుడయింది.

ఫిర్మిన్ దిగి వచ్చాడు. చర్చికి వేసుకునే ఆదివారం కోటు వేసుకున్నాడు. చేతిలో చెక్కపెట్టె. నేరుగా వెళ్లి నర్సమ్మ సైకిలు పక్కన నిలబడ్డాడు.

"ఎక్కడికి, ఫిర్మిన్?" అంది నర్సమ్మ.

"గురువారం కదా. సర్దుకున్నా."

"ఎవరన్నారు వెళ్లాలని?"

ఫిర్మిన్ బూట్ల వైపు చూసుకున్నాడు. ఎంత అడిగినా పేరు చెప్పలేదు.

"నేనేం అనలేదు నర్సమ్మా, ఒట్టు," అంది అమ్మ. "ఫిర్మిన్, లోపలికి రా నాయనా. పాయసం ఉంది."

ఫిర్మిన్ రాలేదు. పెట్టె రెండు చేతులతో పట్టుకున్నాడు.

నర్సమ్మ ముఖం చిన్నబోయింది. "వెళ్తానన్న మనిషిని ఇంట్లో వదిలి వెళ్లకూడదమ్మా. మా పద్ధతి అది. ఎవరో ఏదో అనకుండా పెట్టె పట్టుకోడు. ఇప్పటికి తీసుకెళ్తాను. రేపు డాక్టరుగారు అడుగుతారు. మీ ఇంట్లో మాట బాగోలేదు అనుకుంటే, ఇంకో ఇంటికి పంపుతారు."

"ఇన్నేళ్ల తర్వాతా?"

నర్సమ్మ పెట్టె సైకిలు వెనక కట్టింది. ఇద్దరూ నడిచి వెళ్లారు. బామ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఫిర్మిన్ వెనక్కి తిరగలేదు.

సాయంత్రం డ్రీస్ డబ్బాతో గూటి దగ్గరికి వెళ్లాడు. గలగలలాడించాడు. పావురాలు పైకప్పు మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. వాటికి అలవాటైన చెయ్యి అది కాదు.

"ఫిర్మిన్ ఏడి?" అని కేకేశాడు.

వంటింట్లో అమ్మా నాన్నా గొడవపడుతున్నారు.

"మొన్న బురద కాళ్లతో వచ్చాడని నువ్వే అరిచావు," అన్నాడు నాన్న.

"బురద గురించి ఇరవైసార్లు అరిచాను, ఎప్పుడైనా పెట్టె సర్దాడా? ఆదివారం పందెం పోయాక నువ్వు ముఖం మాడ్చుకుని పోయావు చూడు, అదీ."

"నేను ఫిర్మిన్‌ను ఒక్క మాట అనలేదు."

"అదే చెప్తున్నా. అనకుండా పోయావు."

డ్రీస్ గుమ్మంలోనే ఆగిపోయాడు. పెట్టె అన్న మాట విన్నాడు. ఆదివారం, గూటి వెనక, తెరుచుకున్న ఆ నోరు, ఊపిన ఆ తల, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకు వచ్చాయి. గురువారం ఎప్పుడు అని ఎందుకు అడిగాడో తెలిసింది. డబ్బా ఎందుకు ఇచ్చాడో తెలిసింది.

భోజనానికి కూర్చున్నారు. అమ్మ అలవాటుకొద్దీ ఫిర్మిన్ చోట కూడా ప్లేటు పెట్టింది. పెట్టాక చూసుకుంది. తీయలేదు.

బామ్మ బంగాళాదుంప తొక్క తీస్తూ ఎవరి వైపూ చూడకుండా అంది, "ఎవరో అన్నారు. ఊరికే సర్దడు."

నాన్న అన్నాడు, "పొలం ఉన్నవాళ్లు ఇంటిమనిషి కోసం ఎదురుచూస్తున్నారు. బలమైన మనిషి. రేపు డాక్టరు సరే అంటే ఎల్లుండికల్లా ఎవరో పట్టుకుపోతారు."

డ్రీస్ ఫిర్మిన్ ప్లేటు వైపు చూశాడు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఫిర్మిన్ చెప్పడు. అమ్మ నాన్నను అనుకుంటుంది, నాన్న అమ్మను అనుకుంటాడు.

"నేనన్నా," అన్నాడు.

తన ప్లేటు పక్కకు జరిపి మళ్లీ అన్నాడు.

"నేనే అన్నా. గురువారం నర్సమ్మ తీసుకుపోతుంది, పెట్టె సర్దుకో అని."

బామ్మ చేతిలో చాకు ఆగింది. నాన్న కొట్టలేదు. కొడితే బాగుండునని డ్రీస్‌కు అనిపించింది. నాన్న లేచి టోపీ పెట్టుకున్నాడు.

"పద. నర్సమ్మతో నేను మాట్లాడతా. ఫిర్మిన్‌తో నువ్వు మాట్లాడు."

వేసవి కదా, ఇంకా వెలుగుంది. ఆస్పత్రి వరండాలో పొడవాటి బెంచీ మీద ఫిర్మిన్ ఒక్కడే కూర్చున్నాడు. కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు. పెట్టె మోకాళ్ల మీద ఉంది.

డ్రీస్ ఎదురుగా నిలబడ్డాడు.

"ఫిర్మిన్, ఇంటికి రా."

"గురువారం అయిపోయిందా?"

"లేదు. కానీ నేనన్నది అబద్ధం. కోపం వచ్చి అన్నా."

ఫిర్మిన్ ఆలోచించాడు. "చిన్నోడు అబద్ధం చెప్పడు," అన్నాడు. డ్రీస్ తరఫున మాట్లాడుతున్నట్టు అన్నాడు.

డ్రీస్‌కు ఏడుపు ఆగలేదు. "చెప్పాను. డబ్బా నేను లాక్కోవడం వల్లే నీలి ఓడిపోయింది. నువ్వేం చేయలేదు."

ఫిర్మిన్ అతని ఏడుపు చూసి కంగారుపడ్డాడు. జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. లేవలేదు మాత్రం. గురువారం ఇంకా అవలేదు. తనకు చెప్పింది గురువారం.

డ్రీస్ ముఖం తుడుచుకున్నాడు. ఉన్నదే చెప్పాడు.

"డబ్బా ఆడించా. ఒక్కటీ దిగలేదు. అందరూ పైకప్పు మీదే ఉన్నారు."

"తిన్లేదా?"

"తిన్లేదు."

"నీలి కూడానా?"

"నీలి కూడా."

ఫిర్మిన్ లేచాడు. పెట్టె పట్టుకున్నాడు. "చీకటి పడితే పిల్లి వస్తుంది," అన్నాడు. నాన్నా నర్సమ్మా గదిలోంచి బయటికి వచ్చేసరికి అతను అప్పటికే గేటు దగ్గరున్నాడు. నర్సమ్మ చూసి, "వెళ్లనీండి. డాక్టరుగారికి నేను చెప్తాను," అంది.

అతను వచ్చింది పావురాల కోసం. డ్రీస్ కోసం కాదు. డ్రీస్‌కు ఆ సంగతి దారి పొడుగునా తెలుస్తూనే ఉంది.

ఇంటికొచ్చి ఫిర్మిన్ డబ్బా ఆడించాడు. అన్నీ దిగాయి. గూడు మూసి గుమ్మంలో నిలబడ్డాడు. బామ్మ ఆ మాట కోసం చూసింది. అతను అడగలేదు. చివరికి తనే అంది.

"అందరూ వచ్చారు. నువ్వూ రా."

లోపలికి వచ్చాడు. చెక్కచెప్పులు కావు కాళ్లకున్నవి, బూట్లు. అవి విప్పలేదు. మేడ మీదికి వెళ్లి మంచం మీద కోటుతోనే కూర్చున్నాడు. అమ్మ పెట్టె విప్పి బట్టలు బీరువాలో పెట్టింది. ఆమె దిగి వచ్చాక పైన పెట్టె మూత పడిన చప్పుడు వినిపించింది. మళ్లీ సర్దుకున్నాడు.

ముందే చెప్పేస్తాను. ఆ తర్వాత ఫిర్మిన్ చాలా ఏళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాడు. కానీ సైకిలు బెల్లు వినపడితే చాలు, ఏ పని చేస్తున్నా లేచి నిలబడేవాడు. రొట్టె తింటుంటే రొట్టెతోనే నిలబడేవాడు. బెల్లు ముందుకు వెళ్లిపోయాక కూర్చునేవాడు. ముందు అలా ఉండేవాడు కాదు. చివరిదాకా ఆ అలవాటు పోలేదు. ప్రతిసారీ డ్రీస్ చూసేవాడు, పెద్దయ్యాక కూడా.

ఇక ఆ గురువారం మర్నాడు పొద్దున.

డ్రీస్ తెల్లవారగానే గూటి దగ్గరికి వెళ్లాడు. నీలి జత పావురం గడ్డిపుల్లలు మోసుకొచ్చి వట్టి చెక్క మీద వేస్తోంది. పుల్లలు జారి కింద పడుతున్నాయి. గుడ్లు పెట్టే అడుగు వరస అరలు చలికాలం వరదకు కుళ్లిపోయాయి. నాన్న ఇంకా కొత్తవి చేయలేదు. నీలి గుడ్లు పెట్టడానికి చోటు లేదు.

డ్రీస్ చాలాసేపు ఆ పుల్లల వైపు చూశాడు. తర్వాత మేడ మీదికి వెళ్లి తలుపు తట్టాడు. ఆ తలుపు అతను ఎప్పుడూ తట్టలేదు, తోసుకుని వెళ్లేవాడు.

ఫిర్మిన్ కోటుతోనే ఉన్నాడు. పెట్టె కాళ్ల దగ్గర ఉంది.

"ఫిర్మిన్, నీలికి గుడ్లు పెట్టే అర లేదు. పెట్టె కావాలి."

ఫిర్మిన్ కిందికి చూశాడు. "నా పెట్టా?"

"నువ్వు ఇస్తేనే."

ఫిర్మిన్ పెట్టె మీద చెయ్యి వేసి ఉంచాడు.

"గుడ్లు పెడితే కదపకూడదు," అన్నాడు.

"కదపకూడదు."

"పిల్లలు పెద్దయ్యేదాకా."

"ఆ తర్వాత మళ్లీ పెడుతుంది."

"అప్పుడూ కదపకూడదు."

"అప్పుడూ అంతే."

ఫిర్మిన్ పెట్టె మీదినుంచి చెయ్యి తీశాడు. తర్వాత వంగి మూత తెరిచాడు. డ్రీస్ పెట్టె ముట్టుకోలేదు. రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఫిర్మిన్ ఒక చొక్కా తీసి ఆ చేతుల మీద పెట్టాడు. ఇంకో చొక్కా పెట్టాడు. గడ్డం గీసుకునే బ్రష్షు, ఉన్ని మేజోళ్లు, మడత నలిగిన కండువా.

కింద నుంచి అమ్మ పిలిచింది. బడి గంట మోగింది. మళ్లీ మోగి ఆగిపోయింది.

డ్రీస్ కదల్లేదు. పెట్టెలో ఇంకా కొన్ని బట్టలున్నాయి.